దారి చెప్పేవాళ్లు లెక్కా చెప్పాలి

“తాతా, ఊరికి సర్పంచ్ ఉంటడు, జిల్లాకు కలెక్టర్ ఉంటడు, మరి ఇంటర్నెట్‌కు పెద్ద ఎవరు?” అని అడిగింది మా మనవరాలు. పక్కనున్న పిల్లాడు ఆలోచించకుండా “గూగుల్” అన్నాడు. ఇంకో పిల్ల “కాదు, అమెరికా” అంది. ఇద్దరూ నా మొహం వంక చూశారు. ఆ ప్రశ్న వింటే నాకు ఎంత ముచ్చటేసిందో! రోజూ వాడే వస్తువు వెనక ఎవరున్నారని అడగడం నేర్చుకున్న పిల్లలు ఎక్కడికి పోయినా బతుకుతారు. అందుకే ఈసారి కబుర్లు దాని మీదే. తీరిగ్గా కూర్చోండి, ఇది కాస్త పెద్ద కథ.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇంటర్నెట్ మొత్తానికి యజమాని అంటూ ఎవరూ లేరు. సముద్రం అడుగున పరిచిన కేబుళ్లు కొన్ని కంపెనీలవి. మన వీధి స్తంభాల మీద వేలాడే తీగలు ఇంకొన్ని కంపెనీలవి. మీరు చూసే వీడియోలు దాచిన యంత్రాలు వేరేవాళ్లవి. ఎవరి సామాను వాళ్లది. అందరూ కొన్ని కట్టుబాట్లకు ఒప్పుకుని తమ తీగలను ఒకదానికొకటి కలుపుకున్నారు. కానీ ఒక్క పని మాత్రం లోకమంతటికీ కలిపి ఒకే చోట జరగాలి. అది పేర్ల పట్టిక. ఒకే పేరు ఇద్దరికి ఇచ్చేస్తే, ఆ పేరు కొట్టినవాడు ఎవరింటికి వెళ్లాలి?

యంత్రాలకు పేర్లతో పనిలేదు, వాటికి అంకెలే కావాలి. ఇంటర్నెట్‌కు తగిలించిన ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది. మనకేమో అన్ని అంకెలు గుర్తుండవు, పేరైతే ఇట్టే గుర్తుంటుంది. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఈ ఇబ్బందికి ఒక ఏర్పాటు కనిపెట్టాడు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే ఏర్పాటు. డొమైన్ నేమ్ సిస్టమ్ అంటారు, పొట్టిగా డీఎన్ఎస్. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, మన హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తా చాలు.

ఆ చౌరస్తా మీకు తెలిసిందే కదా. ఒక రోడ్డు శంషాబాద్ మీదుగా ఎయిర్‌పోర్టుకు, అటునుంచి బెంగళూరుకు పోతుంది. ఇంకోటి రాజేంద్రనగర్ వైపు. జూపార్కు వైపు పోయే రోడ్డు మీద ఇప్పుడు పెద్ద ఫ్లైఓవరే వచ్చింది, 2025 జనవరిలో తెరిచి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. మెహదీపట్నం నుంచి గాల్లోనే 11.6 కిలోమీటర్లు వచ్చే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఇక్కడికొచ్చే నేల దిగుతుంది. అక్కడ కొత్తవాడొకడు చీటీ పట్టుకుని బస్సు దిగాడనుకోండి. చీటీలో శంషాబాద్‌లో ఏదో బస్తీ, ఏదో గల్లీ, ఎవరిదో ఇల్లు. చౌరస్తాలో పాన్ డబ్బా అతన్ని అడిగితే ఆ ఇల్లు అతనికేం తెలుస్తుంది? కానీ “శంషాబాద్ బస్సు అదిగో, ఆ పక్కన ఆగుతుంది, ఎక్కు” అని చెప్పగలడు. శంషాబాద్‌లో దిగాక ఆటో అన్నను అడిగితే బస్తీ చూపిస్తాడు. బస్తీలో కిరాణా కొట్టు అమ్మను అడిగితే ఇల్లు చూపిస్తుంది. ముగ్గురిలో ఎవరికీ మొత్తం దారి తెలియదు. అయినా ముగ్గుర్నీ అడిగేసరికి ఇల్లు చేరతాం.

కంప్యూటరూ అచ్చం ఇలాగే అడుక్కుంటూ పోతుంది. మీరు తెలుగు వికీపీడియా పేరు కొట్టారనుకోండి. ఆ పేరు చివర ‘ఆర్గ్’ అని ఉంటుంది. మీ ఫోను తరఫున ఒక యంత్రం ముందు చౌరస్తాకు వెళుతుంది. దాన్ని ‘రూట్’ అంటారు. “ఆర్గ్ పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?” అని అడుగుతుంది. రూట్ వాళ్ల చిరునామా చెబుతుంది. వాళ్లను అడిగితే వికీపీడియా యంత్రాల చిరునామా చెబుతారు. ఆ యంత్రాలు అసలు నంబరు చెబుతాయి. మీ ఫోను తరఫున అడిగిన యంత్రం ఒకసారి తెలిసిన జవాబును కాసేపు గుర్తుపెట్టుకుంటుంది కూడా, ప్రతిసారీ చౌరస్తా దాకా పోనక్కర్లేకుండా. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. చౌరస్తాలో నిలబడే ఆ రూట్ యంత్రాలకు ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఎ’ మొదలు ‘ఎం’ దాకా 13 పేర్లున్నాయి. పేర్లు పదమూడే అయినా వాటి నకళ్లు మన దేశంతో సహా లోకమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. వాటన్నిటి దగ్గరా ఉండే పట్టిక మాత్రం ఒక్కటే. కామ్, ఆర్గ్, ఇన్ లాంటి చివరి పేర్లు 1,400కు పైగా అందులో ఉన్నాయి. మన దేశపు ‘ఇన్’ పేర్లను ఢిల్లీలోని నిక్సీ అనే సంస్థ చూసుకుంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. చౌరస్తాలో మనిషి కావాలని శంషాబాద్ బస్సుకు బదులు ఇంకో బస్సు చూపిస్తే? అడిగినవాడు కొత్తవాడు, చెప్పింది నమ్మి ఎక్కేస్తాడు. అంటే ఆ పట్టిక రాసేవాడి చేతిలో సైన్యం లేదు, లాఠీ లేదు, చిన్న కాగితం మాత్రమే ఉంది. అయినా ఆ కాగితంలో ఒక గీత కొట్టేస్తే ఒక దేశం పేర్లన్నీ లోకానికి కనబడకుండా పోతాయి. అందుకే అడుగుతున్నాను: ఆ కాగితం ఎవరి చేతిలో ఉండాలి? వాళ్లు తప్పు చేస్తే ఎవరు పట్టుకోవాలి?

మొదట్లో ఆ కాగితం బాధ్యత ఒకే ఒక్క మనిషిది. జాన్ పోస్టెల్ అని, తెల్లటి పొడుగు గడ్డంతో ఋషిలా ఉండేవాడు. కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయ పరిశోధన సంస్థలో కూర్చుని, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు మీద లోకం నంబర్లన్నీ చూసుకునేవాడు. నిజాయితీపరుడు, అందరికీ ఆయన మీద గురి. 1998 జనవరిలో ఏం జరిగిందంటే, ఆయన రూట్ యంత్రాలు నడిపేవాళ్లలో ఎనిమిది మందికి ఒక ఈమెయిల్ పంపాడు. పట్టికను ఇకమీదట, దాన్ని పంచిపెట్టే అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీ దగ్గర కాకుండా నా దగ్గర నుంచి తీసుకోండి అని దాని సారాంశం. వాళ్లు మారుమాట లేకుండా అలాగే చేశారు! వాషింగ్టన్‌లో పెద్దలు ఉలిక్కిపడ్డారు. వెనక్కి మార్చమన్నారు, ఆయన మార్చాడు. అదొక పరీక్ష మాత్రమేనన్నాడు. ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఒక్క మనిషి ఒక్క ఉత్తరంతో ఎంత పని చేయగలడో లోకానికి తెలిసొచ్చింది. మంచి మనిషి చేతిలో ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. ఆ తరవాత వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరు చెప్పగలరు? కంచే చేను మేస్తే ఏం చేస్తామని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

అదే ఏడాది సెప్టెంబరు 30న కాలిఫోర్నియాలో ఐకాన్ అనే సంస్థ పుట్టింది. దాని పూర్తి పేరు ఇంటర్నెట్ కార్పొరేషన్ ఫర్ అసైన్డ్ నేమ్స్ అండ్ నంబర్స్. లాభం చూసుకోని సంస్థ. పాపం పోస్టెల్ దాని ఎదుగుదల చూడకుండానే, మరో పదహారు రోజులకు, అక్టోబరు 16న కన్నుమూశాడు. ఐకాన్ పనిచేస్తున్నా, దాని నెత్తిన అమెరికా వాణిజ్య శాఖ కాంట్రాక్టు ఉండేది. లోకమంతా వాడే పట్టికకు ఒక్క దేశం కాపలా ఏమిటని మన దేశంతో సహా చాలామంది గొణిగేవాళ్లు. చివరకు 2014 మార్చిలో అమెరికా, “మేం తప్పుకుంటాం, కానీ మా బదులు ఇంకో ప్రభుత్వం రాకూడదు, ఐకాన్ అందరికీ జవాబుదారీగా ఉండే పద్ధతి ముందు తయారు చేయండి” అంది. రెండేళ్ల పైన పట్టింది ఆ పని. చివరి నిమిషంలో అమెరికాలోనే నాలుగు రాష్ట్రాలు దీన్ని ఆపమని టెక్సస్ కోర్టుకు వెళ్లాయి. కోర్టు ఆపలేదు. 2016 అక్టోబరు 1తో కాంట్రాక్టు ముగిసిపోయింది.

సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు 3 నుంచి 9 దాకా, ఐకాన్ పెద్ద సభ ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాదులో! అమెరికా కాపలా పోయాక జరిగిన మొదటి సభ అదే. నిజానికి అది ప్యూర్టోరికోలో జరగాల్సింది. అక్కడ జికా జ్వరం భయంతో ఇటు మార్చారు. మాదాపూర్ దగ్గర హెచ్ఐసీసీలో మూడు వేల మందికి పైగా కూడారు. చాలామంది మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే దిగి ఉంటారు. ఔటర్ రింగు రోడ్డు ఉంది కాబట్టి ఆరాంఘర్ వైపు రాకుండా గచ్చిబౌలి మీదుగా పోయి ఉంటారు. మన ఊరికే వచ్చి పోయినా మనకు తెలియని అతిథులన్నమాట.

ఆ సభల తీరు వినండి, నాకు భలే నచ్చుతుంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. పేరు నమోదు చేసుకుంటే చాలు, ఎవరైనా రావచ్చు. రాలేనివాళ్లు ఇంట్లోంచే వినొచ్చు. మాట్లాడుతుంటే ఆ మాటలు అక్షరాలుగా తెర మీద పాకుతూ పోతుంటాయి. తరవాత ఆ రాత అంతా దాచి పెడతారు, ఏళ్ల తరవాతా ఎవరేమన్నారో చూడొచ్చు. ‘పబ్లిక్ ఫోరం’ అని ఒక పూట ఉంటుంది. ఐకాన్ బోర్డు సభ్యులందరూ వేదిక మీద వరసగా కూర్చుంటారు. కింద మైకు ఉంటుంది. విద్యార్థి కావచ్చు, వ్యాపారి కావచ్చు, ప్రభుత్వ అధికారి కావచ్చు, వరసలో నిలబడి, తన పేరు చెప్పుకుని, నేరుగా బోర్డును అడగవచ్చు. గడియారం పెట్టి అందరికీ ఒకే కాస్త సమయం. గొప్పవాడికి ఎక్కువా లేదు, కొత్తవాడికి తక్కువా లేదు.

అన్నట్టు, ఆ సభ జరుగుతున్నప్పుడే ఇంకో సంగతి జరిగింది. నవంబరు 8 రాత్రి, మన ఐదొందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రధాని టీవీలో ప్రకటించారు. ఆ నోట్లే జేబులో పెట్టుకుని తిరుగుతున్న విదేశీ అతిథుల తిప్పలు ఊహించుకోండి. ఆ నిర్ణయం ముందే చెబితే దాచుకున్నవాళ్లు జాగ్రత్తపడేవారు, అందుకే గుట్టుగా ఉంచామని ప్రభుత్వం చెప్పింది. రహస్యం అవసరమైన చోట్లు లోకంలో కొన్ని ఉంటాయి, అది మనం ఒప్పుకోవాల్సిందే. ఐకాన్‌లోనూ సిబ్బంది సంగతులు, కోర్టు వ్యవహారాలు, యంత్రాల భద్రత లాంటివి గోడ మీద రాసి పెట్టలేరు. కానీ ఏది దాస్తున్నారో, ఎందుకు దాస్తున్నారో, ఎంతకాలం దాస్తారో చెప్పి తీరాలి. కారణం చెప్పని రహస్యం దగ్గరే చెడు మొదలవుతుంది.

ఇప్పుడు అసలు కీలకం దగ్గరికి వచ్చాం. లెక్క చూపించడం ఒక పని. చూపించిన లెక్కకు జవాబు చెప్పి, తప్పుంటే దిద్దుకోవడం ఇంకో పని. మొదటిదాన్ని పారదర్శకత అంటారు, రెండోదాన్ని జవాబుదారీతనం అంటారు. చాలామంది మొదటిది చేసి రెండోదీ అయిపోయిందనుకుంటారు. ఈ తేడా మన తెలుగు పల్లెలకు బాగా తెలుసు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఇందాక ఫ్లైఓవర్ పేరు చెప్పాను చూడండి, ఆ మన్మోహన్ సింగ్ గారే, ప్రధానిగా ఉండగా, వచ్చి మొదలుపెట్టారు. ఆ పథకానికి సామాజిక తనిఖీని పద్ధతిగా నడపడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు.

ఆ తనిఖీ ఎలా జరుగుతుందంటే, కూలి కుటుంబాల్లోంచే చదువుకున్న పిల్లలను ఎంచి తర్ఫీదు ఇస్తారు. వాళ్లు మస్టరు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. “అమ్మా, చెరువు పూడికతీతకు నువ్వు ఇన్ని రోజులు పోయినవని ఇక్కడ రాసి ఉంది, నిజమేనా? ఈ డబ్బు నీకు ముట్టిందా?” అని అడుగుతారు. జాబ్ కార్డు తెప్పించి పక్కన పెట్టి చూస్తారు. ఊరు వదిలిపోయినవాడి పేరు మీద కూలి ఉంటే అక్కడే బయటపడుతుంది. తరవాత గ్రామసభలో అందరి ముందూ గట్టిగా చదువుతారు. ఆ తరవాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి జవాబు అడుగుతారు. మన రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఈ తనిఖీలు ఎలా చేయాలో దేశమంతటి వాళ్లకూ నేర్పిస్తుంటారు. తప్పులెన్నో దొరికాయి, ఎందరో కూలీలకు గొంతు వచ్చింది. అయితే, తిన్నారని తేలిన సొమ్మంతా తిరిగి రాబట్టడం మాత్రం చాలా చోట్ల కుదరలేదు. లెక్క బయటపడటానికీ, దిద్దుకోవడానికీ మధ్య ఎంత దూరముందో దీంతో తెలుస్తుంది.

ఐకాన్‌లోనూ ఇదే కథ. మన దగ్గర 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది కదా, పది రూపాయలు కట్టి అర్జీ పెడితే ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఐకాన్‌కు చట్టం కాదు గానీ, అలాంటిదే ఒక విధానం ఉంది. ఎవరైనా కాగితాలు అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు చెబుతారు, చెప్పకూడదనుకుంటే ఏ కారణంతో చెప్పడం లేదో రాయాలి. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్లు ఐకాన్‌ను ఇలా పట్టు వదలకుండా అడిగారు. మీకు డబ్బు ఎవరెవరి నుంచి ఎంతెంత వస్తుందో విడివిడిగా చెప్పమన్నారు. 2014లో ఆ వివరాలు బయటికి వచ్చాయి. దాంతో మనకేం సంబంధమంటారా? మీరు కామ్ పేరు ఒకటి కొనుక్కుంటే, ఏడాదికి 18 సెంట్లు చొప్పున ఐకాన్‌కు పోయే రుసుము చాలా ఏళ్లు ఉంది. అంటే అందులో మన పైసలూ ఉన్నాయి. పైసలు ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉండదా?

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెబుతాను. రూట్ పట్టికను ఎవరూ దొంగతనంగా మార్చకుండా 2010 జులై నుంచి దానికి డిజిటల్ సంతకం పెడుతున్నారు. ఆ సంతకానికి మూలమైన తాళంచెవి అమెరికాలో రెండు చోట్ల ఉంది, వర్జీనియాలో కల్పెపర్‌లో, కాలిఫోర్నియాలో ఎల్ సెగుండోలో. ఏడాదికి నాలుగుసార్లు దాన్ని బయటికి తీస్తారు. అదొక తంతు. ముందుగానే అడుగడుగూ రాసిపెట్టుకున్న కాగితం ఉంటుంది. ఎవరు ఏ తలుపు తీశారు, ఏ సంచి ఏ నంబరుది, ఏ నిమిషానికి ఏం చేశారు, అన్నీ గట్టిగా చదివి రాసుకుంటారు. ఇనప్పెట్టెలో స్మార్ట్ కార్డులుంటాయి. ఒక్కో చోట ఏడుగురు బయటివాళ్లకు వాటి బాధ్యత, వాళ్లు ఐకాన్ ఉద్యోగులు కారు, వేరే వేరే దేశాల వాళ్లు. ఏడుగురిలో కనీసం ముగ్గురు కలిస్తే గానీ యంత్రం మేలుకోదు. ఒక్కడి బుద్ధి గడ్డి తిన్నా తప్పుడు పని జరగదు. ఇదంతా కెమెరా పెట్టి లోకానికంతా చూపిస్తారు. మీరూ చూడొచ్చు.

2020 ఫిబ్రవరిలో ఏమైందో తెలుసా? ఎల్ సెగుండోలో ఆ ఇనప్పెట్టె తాళం చెడిపోయింది, తలుపు రాదు! లోకమంతా నమ్ముకున్న తాళంచెవి లోపల, మనుషులు బయట. తాళాల పనివాణ్ని పిలిపించి తొలిపించాల్సి వచ్చింది. తంతు కొన్ని రోజులు వాయిదా పడింది. వాళ్లు దాన్ని కప్పిపుచ్చలేదు. తాళం చెడింది, అందుకే వాయిదా వేస్తున్నామని అందరికీ చెప్పేశారు. నమ్మకం ఇలాగే పెరుగుతుంది పిల్లలూ. ఏ తప్పూ జరగని చోటు ఎక్కడా ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పే చోటును నమ్మవచ్చు.

అయితే ఐకాన్ ఎప్పుడూ ఇంత బాగా నడుచుకుందా? లేదు, అదీ చెప్పాలి. ఆర్గ్ అనే చివరి పేరు ధర్మసంస్థలకు, సంఘాలకు ఇల్లులాంటిది. మన తెలుగు వికీపీడియా అందులోనే ఉంది, అమెరికాలో తెలుగువాళ్ల తానా సంఘమూ ఆ పేరే వాడుతుంది. ఆ పేర్ల ధర ఏటా ఇంతకన్నా పెంచకూడదని ఒక కట్టడి ఉండేది. 2019లో దాన్ని తీసేద్దామని ఐకాన్ అందరి అభిప్రాయం అడిగింది. మూడు వేలకు పైగా జవాబులొచ్చాయి, చాలా భాగం వద్దనే అన్నాయి. అయినా తీసేశారు. చూశారా, అడగడం అందరి ముందే జరిగింది, విన్నది మాత్రం లేదు.

ఆ నవంబరులోనే ఆర్గ్ నిర్వహణను ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు 113.5 కోట్ల డాలర్లకు అమ్మేస్తున్నారన్న వార్త వచ్చింది. లోకమంతా ధర్మసంస్థలు గగ్గోలు పెట్టాయి. ఉత్తరాలు రాశారు, సంతకాలు సేకరించారు, ఐకాన్ ఆఫీసు ముందు నిలబడ్డారు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ కూడా వద్దని రాశాడు. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. ధర కట్టడి తీసేసిన సంగతి మీద నేమ్‌చీప్ అనే కంపెనీ స్వతంత్ర సమీక్షకు పోయింది. బయటి మధ్యవర్తులు 2022 డిసెంబరులో తీర్పు చెప్పారు: ఆ నిర్ణయం తీసుకునే తీరులో ఐకాన్ తన సొంత నియమావళిలో రాసుకున్న పారదర్శకత నియమాన్నే మీరింది అని. నియమం రాసుకోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? పెద్దవాడు తప్పితే వాడి కాగితమే వాడి ముందు పెట్టి అడగడానికి.

2016 తరవాత అలా అడిగే బలం కాస్త పెరిగింది. ప్రభుత్వాలు, పేర్లు అమ్మేవాళ్లు, దేశాల పేర్లు చూసేవాళ్లు, నంబర్లు పంచేవాళ్లు, మనలాంటి మామూలు వాడకందార్లు, ఈ ఐదు వర్గాలూ కలిస్తే ఐకాన్ బడ్జెట్‌ను తిరగ్గొట్టగలవు, బోర్డు సభ్యుణ్ని దించేయగలవు. ఊరికే భయపెట్టడానికి కాదు, ఆ కుర్చీలో కూర్చున్నవాడు ప్రతి నిర్ణయానికి ముందూ ఒకసారి ఆలోచించుకోవడానికి.

“మరి తెలుగుకు ఇందులో ఏముంది తాతా?” అని అడగబోతున్నారు కదూ. ఉంది. భారత్ అనే పేరు తెలుగు అక్షరాల్లోనే 2011లో రూట్ పట్టికలోకి ఎక్కింది. ఇక తెలుగులో ఇంకా పేర్లు రావాలంటే, ఏ అక్షరాలు వాడొచ్చు, ఏ ఒత్తు ఎక్కడ రావచ్చు అన్న నియమాలు కావాలి. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు కదా, కొన్ని అక్షరాలు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. ఒక మోసగాడు బ్యాంకు పేరును కన్నడ అక్షరాలతో రాసి తెలుగు పేరులా చూపిస్తే? అందుకని మన దేశపు తొమ్మిది లిపుల పండితులు, ఇంజనీర్లు కలిసి ఒక బృందంగా కూర్చుని నియమాలు రాశారు. ఒకే రకంగా కనిపించే రెండు పేర్లలో ఒకటి ఒకరికి ఇస్తే రెండోది ఇంకొకరికి పోకుండా కట్టారు. ముసాయిదాను అందరి ముందూ పెట్టి తప్పులు పట్టమన్నారు. 2019 జులైలో తెలుగు నియమాలు ఐకాన్ నియమాల్లో చేరాయి. మన ‘ర’ ఎలా ఉండాలో ఎక్కడో కాలిఫోర్నియాలో తలుపులు మూసుకుని తేల్చలేదు, తెలుగు తెలిసినవాళ్లను అడిగి తేల్చారు. తలుపు తెరిచి ఉంచడం వల్ల ఇదే లాభం.

అయితే తెరిచిన తలుపులోంచి ఎవరో ఒకరు లోపలికి పోవాలి. ఎవరూ పోకపోతే తలుపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఐకాన్ సభల్లో ఎక్కువగా కనిపించేది పేర్ల వ్యాపారం చేసేవాళ్లూ, వాళ్ల లాయర్లూ. వాళ్లకు లాభం ఉంది కాబట్టి విమానం టికెట్లు పెట్టుకుని వస్తారు. మామూలు జనం తరఫున వచ్చేవాళ్లు తక్కువ, తెలుగు పల్లెల తరఫున మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. ఇంటి నుంచే వినే వీలుంది, రాసి పంపే వీలుంది, అయినా వాడుకునేవాళ్లం మనం లేం.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. ముందు మీ ఊళ్లో గ్రామసభ జరిగినప్పుడు, మీ బస్తీలో వార్డు సభ జరిగినప్పుడు మీ అమ్మానాన్నలతో వెళ్లి కూర్చోండి. లెక్క చదువుతుంటే వినండి, అర్థం కాకపోతే లేచి అడగండి. రేపు పెద్దవాళ్లయ్యాక అదే అలవాటుతో ఐకాన్ ముసాయిదా మీద నాలుగు ముక్కలు రాసి పంపండి. చిన్న సభలో గొంతు విప్పడం నేర్చుకున్నవాడే పెద్ద సభలోనూ నిలబడి అడుగుతాడు. ఇంటర్నెట్‌కు ఒక్క పెద్దమనిషి లేడు, ఉండకూడదు కూడా. దాన్ని వాడే ప్రతివాళ్లూ లెక్క అడిగితేనే అది అందరిదీ అవుతుంది.